గుడ్డ టాపు కారును బయట నిలిపేటప్పుడు తలుపుకు తాళం వేయకండి

పైకప్పు తెరుచుకునే కారు కొనాలని ఉందనీ, అయితే రాత్రిళ్లు దానిని రోడ్డు పక్కనే నిలపవలసి వస్తుందనీ, దొంగలూ ఆకతాయిలూ దానిని బతకనిస్తారా అనీ మీరు అడిగారు. నేను తొమ్మిదేళ్లుగా గుడ్డ టాపు ఉన్న రెండు సీట్ల కారు నడుపుతున్నాను. అందులో ఏడేళ్లు దానికి షెడ్డు లేదు. కారు బతుకుతుంది, నిశ్చింతగా కొనండి. కాని మామూలు కారు విషయంలో మనకు అలవాటైన జాగ్రత్తలలో కొన్నింటిని ఇక్కడ తలకిందులు చేయాలి. మామూలు కారును తాళం కాపాడుతుంది. గుడ్డ టాపు కారుకు ఆ తాళమే పెద్ద నష్టం తెచ్చిపెడుతుంది.

కారు కొన్న రెండో ఏట, వానలు పడే రోజుల్లో, ఒక స్నేహితుడి ఇంట్లో రాత్రి ఉండవలసి వచ్చింది. వాళ్ల ఇంటి ముందు చోటు లేకపోవడంతో వీధి చివర, దీపం వెలుగు అందని చోట, ఒక ప్రహరీ గోడ పక్కన కారు నిలిపాను. టాపు వేసి, రెండు కొక్కేలూ బిగించి, అద్దాలు పైకెత్తి, తలుపులకు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి మరీ వెళ్లాను. సీటు మీద ఫోను చార్జరు తీగ, ఒక పాత చేతిసంచి వదిలేశాను. ఆ సంచిలో ఉతకవలసిన రెండు చొక్కాలు తప్ప ఏమీ లేవు. ఆ సంగతి నాకు తెలుసు గాని, అద్దంలోంచి తొంగిచూసేవాడికి తెలిసే అవకాశం లేదని ఆ రాత్రి నాకు తోచలేదు.

తెల్లవారుజామున వాన పడింది. ఉదయం వీధి మలుపు దగ్గర నుంచి చూస్తే కారు చక్కగానే కనిపించింది. దగ్గరికి వెళ్లాక, డ్రైవరు వైపు అద్దానికి వెనుకగా, మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా ఉండేంత పొడవున గుడ్డ నిలువునా కోసి ఉంది. కోత అంచులు నీళ్లు పీల్చుకొని లోపలికి వేలాడుతున్నాయి. ఆ సందులోంచి చెయ్యి దూర్చి, లోపలి గడియ లాగి, తలుపు తీశారు. గ్లవ్ బాక్సు తెరిచి ఉంది. అందులోని కాగితాలు తడిసి నేలకు అంటుకుపోయాయి. చార్జరు తీగ లేదు, సంచీ లేదు. నా చొక్కాలు రెండూ గోడ పక్కన బురదలో పడి ఉన్నాయి. వాటిని ఎత్తుకొని ఆ వానలో ఎంతసేపు నిలబడ్డానో నాకు గుర్తు లేదు. ఒక తీగ కోసం, ఒక పాత సంచి కోసం ఎవరో నా కారును కోసివేశారన్న బాధ ఇన్నేళ్ల తరువాత కూడా తగ్గలేదు.

పోయిన సొత్తు విలువ చెప్పుకోదగినది కాదు, కాని గుడ్డకు జరిగిన నష్టం చాలా పెద్దది. సీటు లోపలి స్పాంజి పూర్తిగా ఆరడానికి దాదాపు పది రోజులు పట్టింది. సీటు కింద ఉండే ఎయిర్‌బ్యాగు తీగల కనెక్టరులోకి నీరు చేరి, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగి ఆరలేదు. ఒక్క కోతే కదా, కుట్టించేస్తే సరిపోతుందన్న ఆశతో టాపులు, సీట్లు కుట్టే మేస్త్రీ దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన రెండు వేళ్లతో ఆ అంచులను దగ్గరికి లాగి చూసి, "కుట్టి ఇవ్వగలను సార్, కాని నిలవదు. టాపు వేసినప్పుడల్లా ఈ గుడ్డ డోలు మీద తోలులాగా బిగుసుకుంటుంది. సూది పడిన ప్రతి రంధ్రమూ సాగి, మొదటి గట్టి వానకే కారడం మొదలుపెడుతుంది" అన్నారు. టాపు గుడ్డ మొత్తం మార్చక తప్పలేదు. కారు తిరిగి తీసుకునే రోజున ఆయన మరొక మాట కూడా అన్నారు: "తలుపు తీసే ఉంచితే మీ గుడ్డ దక్కేది సార్. వాడికి కావలసింది లోపల ఉంది గాని, గుడ్డతో వాడికేం పని?"

అప్పటి నుంచి నేను ఆ మాటనే పాటిస్తున్నాను. కారులో కనిపించేలా ఏ వస్తువూ ఉంచను. చార్జరు తీగ, కళ్లజోడు పెట్టె, చిల్లర నాణేలు, ఖాళీ సంచి, అన్నీ నాతోపాటే దిగుతాయి. గ్లవ్ బాక్సు మూత తెరిచి, లోపల ఏమీ లేదని బయటి నుంచే కనిపించేలా వదిలేస్తాను. టాపు మాత్రం వేస్తాను, ఎందుకంటే వాన, దుమ్ము, దారిన పోయేవారి చేతులు దూరంగా ఉండాలి. తలుపులకు తాళం వేయను. ఇది విన్నవారంతా నాకు మతి తప్పిందన్నట్లు చూస్తారు. కాని పిడికత్తికి లొంగే గుడ్డ కింద ఇనుప తలుపును బిగించినందువల్ల ఎవరికి మేలు జరుగుతుందో వారిలో ఒక్కరూ నాకు చెప్పలేకపోయారు.

ఈ పద్ధతి పాటించే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది డిక్కీ. చాలా కార్లలో డిక్కీ తెరిచే మీటో బొత్తామో లోపలే ఉంటుంది, కాబట్టి తలుపు తీసి ఉంచితే డిక్కీ కూడా తెరిచి ఉంచినట్లే. కొన్ని కార్లలో దానిని పనిచేయకుండా ఆపే మీట విడిగా ఉంటుంది. కారు కొనేటప్పుడు రంగు చూడడానికంటే ముందు ఆ మీట ఉందో లేదో చూడండి. రెండవది బీమా. సాధారణంగా బీమా కారుకూ దానికి బిగించిన పరికరాలకూ వర్తిస్తుంది గాని, లోపల వదిలిన వస్తువులకు వర్తించదు. పైగా, తలుపు తాళం వేయకపోవడాన్ని నిర్లక్ష్యంగా లెక్కగట్టే నిబంధన కొన్ని పాలసీలలో ఉంటుంది. నేను అడిగిన చోట ఈ విషయం గురించి ముగ్గురు ఉద్యోగులు మూడు రకాల సమాధానాలు చెప్పారు. డబ్బు కట్టించుకునేటప్పుడు అంత స్పష్టంగా మాట్లాడేవారు నిబంధన అర్థం అడిగితే ఎందుకు తడబడాలి? మీ పాలసీ కాగితాన్ని మీరే పూర్తిగా చదివి, అనుమానం ఉన్నచోట జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.

మీరు చూస్తున్నది జిప్పులతో విడదీయగలిగే కిటికీలున్న వాహనమైతే పరిస్థితి కొంత మెరుగు. 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల గుడ్డ టాపు కారు మొదటి తరంలో వెనుక కిటికీ ప్లాస్టిక్‌ది, జిప్పుతో ఊడదీయవచ్చు. తరువాతి తరంలో అది గాజుకు మారింది. గాజు వల్ల వెనుక చూపు మెరుగైంది గాని, గుడ్డను కోయకుండా లోపలికి చేరే దారి ఒకటి మూసుకుపోయిందని నా అభిప్రాయం. జీప్ రాంగ్లర్ వంటి వాహనాలలో తలుపులను కూడా ఊడదీసి తిరగవచ్చు. వాటిని నడిపేవారు తెలివిగా, వాహనం లోపలి నేలకు బోల్టులతో బిగించి, ఆ బోల్టులను పెట్టె లోపలి నుంచే విప్పగలిగే ఉక్కు పెట్టెలో విలువైనవి దాచి తాళం వేస్తారు. తాళం ఉండవలసిన చోటు అదే. కాకపోతే ఆ తలుపుల బోల్టులు నక్షత్రం ఆకారపు మొన ఉండే మామూలు టార్క్స్ పనిముట్టుకు ఊడివస్తాయి కనుక, ప్రత్యేక తాళపు బోల్టులు వేసుకోకపోతే తలుపులే పోయే అవకాశం ఉంది.

మడత పడే లోహపు కప్పు తీసుకుంటే ఈ బెడద ఉండదని కొందరు సలహా ఇస్తారు. ప్యూజో కంపెనీ 1934లోనే అటువంటి కప్పును అమ్మకానికి తెచ్చింది. 1996లో వచ్చిన మెర్సిడెస్ ఎస్ఎల్‌కే దానిని మళ్లీ అందరి దృష్టికీ తెచ్చింది. లోహపు కప్పును కత్తితో కోయలేరన్నది నిజమే. కాని సీటు మీద సంచి కనిపిస్తే పక్క అద్దం ఒక్క దెబ్బకు పగులుతుంది. కప్పు మారినా సంచిని వదిలే అలవాటు మారకపోతే ప్రయోజనం లేదు.

కారునే ఎత్తుకుపోతారన్న భయం మీకు ఎక్కువగా ఉన్నట్లుంది. టాపు తెరిచి ఉన్నంత మాత్రాన కారు కదలదు. తాళంచెవిలోని చిప్‌ను గుర్తించనిదే ఇంజిను నడవనివ్వని ఇమ్మొబిలైజరును ఐరోపా సమాఖ్య 1998 నుంచి, కెనడా 2007 నుంచి కొత్త కార్లకు తప్పనిసరి చేశాయి. ఈ విషయంలో మీ కారుకూ నాలుగు తలుపుల కారుకూ తేడా లేదు. ఇమ్మొబిలైజరు లేని పాత వాహనమైతే స్టీరింగుకు బిగించే ఇనుప కడ్డీ కొనండి. అది దూరం నుంచే కనిపిస్తుంది, దాని విలువ అదే. లోపలి కదలికను ధ్వనితరంగాలతో పసిగట్టే అలారం మాత్రం టాపు తీసి ఉన్నప్పుడు గాలికీ రాలే ఆకుకీ మోగుతుంది. వీధివాళ్లు దాని మోతకు అలవాటుపడితే ఇక ఎవరూ కిటికీలోంచి తొంగి చూడరు.

ఆకతాయిల సంగతి వేరు. దొంగకు ఒక లెక్క ఉంటుంది, అందువల్ల ఖాళీ సీటు చూపించి వాడిని పంపించవచ్చు. ఏ లాభమూ ఆశించకుండా గీతలు గీసేవాడిని, తెరిచిన కారులోకి సిగరెట్టు పీక విసిరేవాడిని, ఫోటో కోసం బూట్లతో సీటెక్కే అపరిచితుడిని ఏ ఉపాయమూ ఆపదు. వారిని ఆపగలిగేది మనుషుల చూపు ఒక్కటే. అందుకే నేను పార్కింగు భవనంలో మూల చోటు వెతకను. డబ్బు తీసుకునే గదికి ఎదురుగా, నలుగురూ నడిచే దారి పక్కన నిలుపుతాను. టాపు తీసి వదిలేది కారు నా కంటికి కనిపించేంత దూరంలో, అదీ పది నిమిషాలకు మించకుండా మాత్రమే.

మూడేళ్ల క్రితం ఒక ఉదయం కారు దగ్గరికి వెళ్లేసరికి డ్రైవరు తలుపు సరిగా పడక, లోపలి దీపం వెలుగుతూ ఉంది. సీటు వెనక్కి జరిగి ఉంది, సీట్ల మధ్య పెట్టె మూత లేచి ఉంది. ఎవరో వచ్చి, కూర్చొని, వెతికి, దిగి వెళ్లారు. నేను ముందుగా గుడ్డను అంచు నుంచి అంచు దాకా అరచేత్తో తడిమి చూశాను. ఎక్కడా ఒక్క గాటు కూడా లేదు.