బైనరీకి భయపడి బ్రాంచి మారాలా?

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి ఈసీఈ రెండో సంవత్సరం. డిజిటల్ లాజిక్ మొదటి ఇంటర్నల్‌లో 50కి 9 వచ్చాయి. చిప్ డిజైన్ తన వల్ల కాదట, కంప్యూటర్ సైన్స్‌కి మారతానంటున్నాడు. తెలిసినవాళ్లేమో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) కోచింగ్‌లో చేర్చమంటున్నారు. జవాబు పత్రం ఫొటో పంపుతున్నాను. ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, డిజిటల్ లాజిక్‌కి పునాది బైనరీ, అంటే సంఖ్యల్ని సున్నా, ఒకటితోనే రాసే పద్ధతి. కంప్యూటర్ సైన్స్‌కి వెళ్లినా అది వదలదు. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ సిలబస్‌లో ఆ రెండు బ్రాంచీలకూ ఈ పాఠం ఉంది. దీన్ని తప్పించుకోవడానికే అయితే మారడం దండగ.

పత్రం చూశాను. డెసిమల్‌ని బైనరీలోకి మార్చడం బాబుకి బాగానే వచ్చు. మార్కులన్నీ పోయింది మైనస్ సంఖ్యల దగ్గర, వాటిని బైనరీలో రాసే టూస్ కాంప్లిమెంట్ పద్ధతిలో. ‘బిట్లు (ఆ సున్నాలూ ఒకట్లూ) తిరగేసి ఒకటి కలపాలి’ అని బట్టీ పట్టాడు గానీ, ఎందుకు కలపాలో ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే పాత డబ్బుల లెక్క అడగమనండి. 1957కి ముందు రూపాయికి పదహారణాలు. అర్ధరూపాయి ఎనిమిది, పావలా నాలుగు, బేడ రెండు, అణా ఒకటి. నాలుగు బిట్ల విలువలూ సరిగ్గా ఇవే. 1011 అంటే అర్ధరూపాయి ఉంది, పావలా లేదు, బేడా అణా ఉన్నాయి. మొత్తం పదకొండణాలు. దాన్నే ‘రూపాయికి ఐదణాలు తక్కువ’ అని కూడా అంటాం కదా. నాలుగు బిట్లలో రూపాయి పట్టదు. ఆ రూపాయిని వదిలేస్తే మిగిలేది మైనస్ ఐదు. టూస్ కాంప్లిమెంట్‌లో 1011 విలువ అదే. నమ్మకం కుదరకపోతే దానికి ఐదు, అంటే 0101, కలిపి చూడమనండి. 10000 వస్తుంది. ముందున్న ఒకటి బయటికి పోతుంది, లోపల సున్నా. ఇక ఆ ఒకటి ఎందుకంటారా? 0101ని తిరగేస్తే 1010, అంటే పదిహేనుకి ఐదు తక్కువ. మనకి కావాల్సింది పదహారుకి ఐదు తక్కువ, అందుకే ఒకటి కలపడం.

అవే బిట్లు ఒక లెక్కలో 11, ఇంకో లెక్కలో -5. చిప్ డిజైన్ ఇంటర్వ్యూల్లో తికమక పెట్టేది ఇక్కడే. మైనస్‌లూ వచ్చే లెక్కలో మొదటి బిట్ ఒకటైతే అది మైనస్ సంఖ్య. అందుకే 7కి 1 కలిపితే 0111 కాస్తా 1000 అయి, -8గా కూర్చుంటుంది. ఇదే ఓవర్‌ఫ్లో. చిన్న విషయం అనుకోకండి. 1996లో ఏరియాన్ 5 రాకెట్ లేచిన నిమిషంలోపే పేలిపోయింది. 32,767 దాటితే పట్టని 16 బిట్ల చోటులోకి అంతకన్నా పెద్ద సంఖ్యను ఎక్కించబోవడం దగ్గరే అదంతా మొదలైంది.

కోచింగ్ ఇప్పుడే వద్దు. 1985లో చిప్ కంపెనీ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చిన దగ్గర్నుంచీ బెంగళూరులో చిప్ డిజైన్ పని సాగుతూనే ఉంది, రెండేళ్లు ఆగితే ఎక్కడికీ పోదు. సర్క్యూట్‌ని కోడ్‌లా రాసి కంప్యూటర్‌లోనే పరీక్షించే ఐకారస్ వెరిలాగ్ ఉచితంగా దొరుకుతుంది. అందులో నాలుగు బిట్ల ఆడర్ (కూడిక సర్క్యూట్) రాసి, నాలుగు బిట్ల సంఖ్యల 256 జతలూ ఇచ్చి, మైనస్‌లూ వచ్చే లెక్కలో ఎన్నిచోట్ల ఓవర్‌ఫ్లో అవుతుందో లెక్కపెట్టమనండి. జవాబు 64. మీరు మాత్రం ముందే చెప్పేయకండి.