ఏటీటైనీ85తో ఐఆర్ డేటా: ‘యు’ అక్షరం వస్తోంది, సున్నాలు ఎందుకు రావడం లేదు?

మీరు అడిగింది ఇదీ: రెండు ఏటీటైనీ85లు (చిన్న మైక్రోకంట్రోలర్ చిప్‌లు), ఒకదానికి ఐఆర్ (పరారుణ) ఎల్ఈడీ, రెండోదానికి టీఎస్ఓపీ38238 అనే ఐఆర్ రిసీవర్. సాఫ్ట్‌వేర్ సీరియల్‌తో 1200 బాడ్‌లో (సెకనుకు 1200 బిట్లు) ‘యు’ చక్కగా వస్తోంది, వరసగా సున్నా బైట్లు పంపితే చెత్త వస్తోంది.

తప్పు మీ కోడ్‌లో లేదు. టీఎస్ఓపీలో ఏజీసీ (గెయిన్‌ని తనంతట తానే సర్దుకునే సర్క్యూట్) ఉంటుంది. తెరిపి లేకుండా 38 కిలోహెర్ట్జ్ వస్తుంటే అది దాన్ని లైట్ల రొద అనుకుని గెయిన్ తగ్గించేస్తుంది. ‘యు’లో బిట్లు ఒకటి విడిచి ఒకటి మారతాయి కాబట్టి ఒక్కో బర్స్ట్ (సున్నా బిట్ కోసం 38 కిలోహెర్ట్జ్ వెలువడే సేపు) 833 మైక్రోసెకన్లే, అంటే సుమారు 32 సైకిళ్లు. సున్నా బైట్‌లో స్టార్ట్ బిట్‌తో కలిపి తొమ్మిది బిట్లూ బర్స్టే: 7.5 మిల్లీసెకన్లు, 285 సైకిళ్లు. ఈ రిసీవర్‌కి బర్స్ట్ 10 నుంచి 70 సైకిళ్లలోపు ఉండాలి. 70 దాటితే డేటాలో ఎక్కడో ఒకచోట ఆ బర్స్ట్‌కు నాలుగు రెట్లకు మించిన ఖాళీ ఇవ్వాలి.

కాబట్టి సీరియల్ పద్ధతి వదిలేసి ఎన్ఈసీ ఫ్రేమ్‌కి (రిమోట్లలో వాడే పద్ధతి) మారండి. 9 మిల్లీసెకన్ల బర్స్ట్, 4.5 ఖాళీ, ఆ తర్వాత 32 బిట్లు. ప్రతి బిట్‌కీ 562 మైక్రోసెకన్ల బర్స్టే. సున్నాకి అంతే ఖాళీ, ఒకటికి దానికి మూడు రెట్లు. ప్రతి బైట్ వెంట దాని విలోమం పంపితే ఫ్రేమ్ 68 మిల్లీసెకన్లలో ముగుస్తుంది, తప్పు వస్తే అక్కడే పట్టుబడుతుంది. మొదటి 9 మిల్లీసెకన్ల బర్స్ట్ 70 సైకిళ్లు దాటుతుంది కాబట్టి ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య 36 మిల్లీసెకన్లకు మించిన ఖాళీ ఇవ్వండి. నెమ్మదే, కానీ సెన్సర్ రీడింగులకు చాలు.

క్యారియర్‌ని (ఆ 38 కిలోహెర్ట్జ్ తరంగాన్ని) డిలే లూపుతో చేయకండి, చిప్‌లోని టైమర్0కి వదిలేయండి. 8 మెగాహెర్ట్జ్‌లో ఫాస్ట్ పీడబ్ల్యూఎం మోడ్ 7, ప్రీస్కేలర్ 1, ఓసీఆర్0ఏ రిజిస్టర్‌లో 209, ఓసీఆర్0బీలో 69 పెడితే 6వ కాలు మీద 38.1 కిలోహెర్ట్జ్ వస్తుంది, డ్యూటీ (ఆన్‌లో ఉండే భాగం) మూడో వంతు. బర్స్ట్ మొదలెట్టాలన్నా ఆపాలన్నా సీఓఎం0బీ1 బిట్ ఒక్కటి మారిస్తే సరి. కొత్త చిప్‌లో సీకేడివ్8 ఫ్యూజ్ (క్లాక్‌ని 8తో భాగించే సెట్టింగ్) ఆన్‌లోనే ఉంటుంది. దాన్ని మరిస్తే క్యారియర్ 4.8 కిలోహెర్ట్జ్‌కి పడిపోయి రిసీవర్ అసలు ఉలకదు, పలకదు.

ఎల్ఈడీని నేరుగా కాలికి కట్టకండి. మధ్యలో 2ఎన్2222 ట్రాన్సిస్టర్, బేస్‌కి 1 కిలోఓమ్, ఎల్ఈడీకి 39 ఓమ్‌లు: 5 వోల్టుల మీద 90 మిల్లీఆంపియర్ల దాకా పారుతుంది.

అందుకునే వైపు చాలామంది బర్స్ట్ వెడల్పు కొలుస్తారు. అక్కడే దెబ్బ తింటారు. టీఎస్ఓపీ అవుట్‌పుట్ అసలు బర్స్ట్ కన్నా ఐదారు సైకిళ్లు అటూ ఇటూ అవుతుంది, అంటే 150 మైక్రోసెకన్ల పైమాటే. పడే అంచు (అవుట్‌పుట్ హై నుంచి లోకి దిగే చోటు) నుంచి మళ్లీ పడే అంచు దాకా కొలవండి. ఐఎన్‌టీ0 ఇంటరప్ట్ వాడి, టైమర్1కి ప్రీస్కేలర్ 512 పెడితే ఒక్కో టిక్ 64 మైక్రోసెకన్లు: సున్నా 17 లేదా 18, ఒకటి 35, ఫ్రేమ్ మొదటి గుర్తు (9, 4.5 మిల్లీసెకన్లు కలిపి) 211. అన్నీ 8 బిట్లలో ఇమిడిపోతాయి. సున్నాకీ ఒకటికీ మధ్య గీత 26 దగ్గర గీయండి, లోపలి ఆసిలేటర్ పది శాతం తేడా కొట్టినా ఫర్వాలేదు. 32వ బిట్ తర్వాత ఇంకో బర్స్ట్ పంపడం మరిచిపోకండి. అది లేకపోతే చివరి బిట్‌ని మూసే అంచే ఉండదు.

టీఎస్ఓపీ సప్లైకి 100 ఓమ్‌లు, కాళ్ల పక్కనే 4.7 మైక్రోఫారడ్ పెట్టండి. పాత టీఎస్ఓపీ1738 ఉంటే కాళ్ల వరస వేరు, చూసుకుని కలపండి.