ఫోన్‌తో వచ్చిన యాప్స్ తీసేయాలంటే రూట్ చేయక్కర్లేదు, మా అమ్మ ఫోన్‌లో నేను చేసింది ఇదీ

మీరడిగింది ఏంటంటే, కొత్త ఫోన్ కొన్నారు, కంపెనీవాళ్లు ముందే వేసిచ్చిన యాప్స్ ఇరవై దాకా ఉన్నాయి, కొన్నిటికి అన్‌ఇన్‌స్టాల్ అనేదే లేదు, డిసేబుల్ బటన్ కూడా వెలగట్లేదు, రూట్ చేయడం (అంటే ఫోన్ సిస్టమ్ మొత్తం మీద అధికారం తెచ్చుకోవడం) తప్ప దారి లేదా అని. ఉందండి. దయచేసి రూట్ జోలికి వెళ్లకండి, దానికోసం బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ అవగానే సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసినప్పుడే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతది, ఆ తర్వాత చాలా బ్యాంకు యాప్స్, యూపీఐ యాప్స్ మొండికేస్తాయి.

నేను ఇదంతా నేర్చుకుంది మా అమ్మ కోసం. పోయినేడు అమ్మకి 11 వేలు పెట్టి ఒక ఫోన్ కొనిచ్చా. మేం ఉండేది మియాపూర్, అమ్మ వారానికోసారి మెట్రోలో అమీర్‌పేటలో ఉండే మా పిన్ని దగ్గరికి వెళ్తది, టికెట్ నేనే వాట్సాప్‌లో తీసి ఆ క్యూఆర్ అమ్మకి పంపిస్తా. ఒకరోజు నేనూ వెంట ఉన్నా. గేటు దగ్గర అమ్మ ఫోన్ తీసి పక్క బటన్ ఒత్తగానే లాక్ స్క్రీన్ మీద ఏదో సముద్రం ఫోటో, దాని కింద సన్నటి అక్షరాలు, అమ్మ వేలితో పైకి జరపగానే బ్రౌజర్ తెరుచుకుని లోన్ యాడ్ స్క్రీన్ నిండా వచ్చేసింది, మూయడానికి ఇంటూ గుర్తు చూస్తే మూలన ఆవగింజంత ఉంది, అమ్మ దాని పక్కన ఒత్తింది, ఇంకో పేజీ తెరుచుకుంది. వెనక లైన్ ఆగిపోయింది. అమ్మ నా మొహంలోకి చూసి "నేనేం ఒత్తలే బిడ్డా" అంది. ఆ మాటకి నాకు కడుపులో తిప్పినట్టైంది. డబ్బులు మనవి, ఫోన్ మనది, సంజాయిషీ మాత్రం మా అమ్మ చెప్పుకోవాలి!

ఆ రాత్రే కూర్చున్నా. లాక్ స్క్రీన్ మీద ఆ ఫోటోలు, యాడ్స్ వేసేది కంపెనీవాళ్లు ముందే వేసిచ్చిన వాల్‌పేపర్ యాప్, అది సెట్టింగ్స్‌లో దొరికింది గానీ డిసేబుల్ బటన్ బూడిద రంగులో ఉండిపోయింది. అన్‌ఇన్‌స్టాల్ అనేది లేకపోవడానికి కారణం ఏంటంటే ఇలాంటి యాప్స్ చాలావరకు సిస్టమ్ పార్టిషన్‌లో ఉంటాయి, అక్కడ చదవడానికే తప్ప మార్చడానికి మనకి అనుమతి ఉండదు. కానీ ఆండ్రాయిడ్‌లో ప్రతి యూజర్‌కీ ఏ యాప్ ఉందో ఏది లేదో వేరేగా రాసుకుంటది, ఫోన్ మొదటి యజమాని అంటే యూజర్ 0. కంప్యూటర్ నుంచి ఏడీబీ (ఫోన్‌కి కమాండ్లు పంపే ఆండ్రాయిడ్ టూల్) ద్వారా "యూజర్ 0 కి ఈ యాప్ అన్‌ఇన్‌స్టాల్ చెయ్" అని కమాండ్ ఇస్తే అసలు ఫైల్ అక్కడే ఉంటది గానీ మన వరకు ఆ యాప్ లేనట్టే, నడవదు, నోటిఫికేషన్ పంపదు. అవసరమైతే ఇంకో కమాండ్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు. అందుకే స్టోరేజ్ ఖాళీ అవుతదని మాత్రం ఆశపడకండి, ఆ యాప్ డేటా తిన్న జాగా వస్తది, అంతే.

చేసే పద్ధతి కష్టమేం కాదు. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు ఒత్తితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టాలి. కమాండ్లు టైప్ చేయడం ఇబ్బంది అనుకుంటే యూనివర్సల్ ఆండ్రాయిడ్ డీబ్లోటర్ నెక్స్ట్ జనరేషన్ అని ఉచిత టూల్ ఉంది, అది ఏ యాప్ తీయొచ్చు, ఏది తీస్తే ప్రమాదం అని పక్కనే రాసి చూపిస్తది. కంప్యూటర్ లేదంటే ఆండ్రాయిడ్ 11 నుంచి వైర్‌లెస్ డీబగ్గింగ్ ఉంది కాబట్టి షిజుకు (ఏడీబీ అనుమతి ఇప్పించేది), కాంటా (యాప్స్ తీసేసేది) అనే రెండు యాప్స్‌తో ఫోన్‌లోనే పనైపోతది. పని అయ్యాక డీబగ్గింగ్ ఆఫ్ చేయడం మర్చిపోవద్దు.

ఒకటి గట్టిగా చెప్తున్నా, పేరు నచ్చలేదని తీసేయకండి. అమ్మ ఫోన్ బాగుపడ్డాక ఆ ఊపులో నా ఫోన్‌లో కంపెనీ కీబోర్డు తీసేశా, వేరే తెలుగు కీబోర్డు ఉంది కదా అని. రాత్రి ఫోన్ రీస్టార్ట్ అయింది, నాది అక్షరాల పాస్‌వర్డ్, చూస్తే కీబోర్డే రాలేదు. రీస్టార్ట్ అయ్యాక మొదటిసారి అన్‌లాక్ చేసేదాకా మనం వేసుకున్న యాప్స్ చాలావాటికి నడిచే వీలుండదని నాకప్పుడు తెలియదు. పొద్దున్నే కోఠి వెళ్లి ఓటీజీ పిన్ ఒకటి కొని, ఇంట్లో డెస్క్‌టాప్ కీబోర్డుని దాంతో ఫోన్‌కి తగిలించి పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లా. అలాగే సిస్టమ్ యూఐ, సెట్టింగ్స్, ప్లే సర్వీసెస్, వెబ్‌వ్యూ, ప్యాకేజ్ ఇన్‌స్టాలర్, ఇంకో లాంచర్ (హోమ్ స్క్రీన్ చూపించే యాప్) వేసుకోకుండా ఉన్న లాంచర్, వీటి జోలికి పోవద్దు. ఒకేసారి ఇరవై తీయకుండా రెండు మూడు తీసి, రీస్టార్ట్ చేసి, ఒకరోజు వాడి చూసి అప్పుడు మిగతావి తీయండి.

కింద ఒకాయన "కంపెనీ ఫోన్, కంపెనీ ఇష్టం, చవగ్గా ఇస్తున్నారుగా" అన్నారు. నేను ఒప్పుకోను. 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ న్యాయంగా ఉందా అని చూసే సంస్థ) గూగుల్ మీద 1337.76 కోట్లు జరిమానా వేసినప్పుడు, ముందే వేసిచ్చే గూగుల్ యాప్స్‌ని యూజర్ తీసేసుకుంటే అడ్డుపడొద్దని కూడా చెప్పింది, కానీ 2023 మార్చిలో అప్పీల్ ట్రిబ్యునల్ జరిమానా ఉంచి ఆ ఆదేశాన్ని కొట్టేసింది. 2025 చివర్లో టెలికాం శాఖ సంచార్ సాథీ యాప్ కొత్త ఫోన్లన్నిట్లో ముందే ఉండాలంటే జనం గట్టిగా నిలదీశారు, డిసెంబర్ 3న ఆ ఆదేశం వెనక్కి తీసుకున్నారు. ఆ యాప్ పోయిన ఫోన్ బ్లాక్ చేయడానికి పనికొచ్చేదే, నేనూ వాడతా, కానీ ఉంచుకోవాలా వద్దా అనేది ఫోన్ కొన్న మనిషి చేతిలో ఉండాలి కదండీ, మంచి యాప్ అయినా సరే.

ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తీసేసినవన్నీ తిరిగొస్తాయి, పెద్ద అప్‌డేట్ తర్వాత కూడా కొన్నిసార్లు ఒకటో రెండో వస్తాయి. అందుకే అమ్మ ఫోన్‌లో తీసినవి మొత్తం 17 పేర్లు ఫోన్ డబ్బా మూత లోపల పెన్నుతో రాసిపెట్టా, మొన్న డిస్‌ప్లే మార్పించినప్పుడు రీసెట్ చేసిచ్చారు, ఆ మూత చూసుకుంటూ పది నిమిషాల్లో మళ్లీ తీసేశా. మీ ఫోన్‌లో ఏ యాప్స్ అడ్డొస్తున్నాయో పేర్లు ఇక్కడ రాయండి, ఏవి తీయొచ్చో నాకు తెలిసినంత వరకు చెప్తా.