ట్రాక్టర్ స్లాషర్‌కి బ్లేడ్లు తీసేసి గొలుసులు పెట్టొచ్చా?

స్లాషర్ అంటే ట్రాక్టర్ వెనక తగిలించి గడ్డీ తుప్పలూ కొట్టే మెషిన్. బ్లేడ్ల కోసం తయారైన స్లాషర్‌కి బజార్లో దొరికే మామూలు గొలుసులు బిగించొద్దు, ప్రాణాల మీదకి వస్తుంది. 5 అడుగుల స్లాషర్‌లో రోటర్ (బ్లేడ్లని తిప్పే భాగం) నిమిషానికి 900 సార్లు తిరుగుతోందనుకుంటే చివర వేగం గంటకి సుమారు 260 కిలోమీటర్లు ఉంటుంది, ఆ వేగంలో 3 కిలోల గొలుసు తన బోల్టుని దాదాపు ఒకటిన్నర టన్ను బరువుతో లాగుతుంది, పైగా లింకులు ఒకదానికొకటి రాసుకుని లోపలివైపు అరిగిపోతాయి, పైనుంచి చూస్తే తెలీదు. తెగిన లింకు ఇక బుల్లెట్టే. పలాస వైపు జీడితోటలో తుప్పలు కొట్టిస్తున్నారనుకోండి, పక్క తోటలో వంగుని పిక్కలు ఏరుకుంటున్న మనిషికి అది తగలొచ్చు. ఐరోపాలో ఇలాగే లింకు ఎగిరి మనిషి చనిపోయాక చేత్తో పట్టుకుని గడ్డి కోసే బ్రష్‌కట్టర్లకి బ్లేడు బదులు బిగించే గొలుసు తలలు అమ్మడం 2012లో నిషేధించారు, మరి ట్రాక్టర్ పవర్ దానికి ఎన్ని రెట్లో చూడండి.

చాలామంది ఏమనుకుంటారంటే రాయి తగిలితే బ్లేడు విరుగుద్ది, గొలుసైతే వంగి తప్పుకుంటాది అని. కానీ చాలా స్లాషర్లలో బ్లేడు కూడా బోల్టు మీద ఆడుతూ, దెబ్బ తగిలితే వెనక్కి మడుచుకునేలాగే ఉంటుంది. గొలుసు గడ్డిని కొయ్యదు కూడా, బాది చింపుతుంది, ఇంజిన్‌కి లోడు ఎక్కువ. గొలుసే కావాలంటే దానికోసమే కంపెనీ తయారుచేసిన, ముందూ వెనకా గార్డులున్న మెషిన్ కొనుక్కోండి.