ఇంజెక్షన్ ఇచ్చాక మళ్లీ గొట్టం వేసి గడ్డ తీయడం ఎందుకు?

మీ మామయ్యకు పక్షవాతం (స్ట్రోక్) వస్తే, మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చి, వెంటనే తొడ దగ్గర నుంచి గొట్టం పంపి గడ్డ తీశారు, అలాంటప్పుడు ఇంజెక్షన్ దండగే కదా అని అడిగారు. దండగ కాదండి. మా నాన్నకూ రెండూ చేశారు.

పొద్దున 5:30కి చూస్తే నాన్న మూతి వంకర పోయి ఉంది. కుడి చెయ్యి లేవట్లేదు, మాట ముద్దగా వస్తోంది. దగ్గర్లో ఉంది కదా అని ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ స్కానే లేదు. బీపీ చూసి, నలుగురికి ఫోన్లు చేసి పంపించేసరికి 40 నిమిషాలు పోయాయి.

పెద్దాసుపత్రిలో అడిగిన మొదటి ప్రశ్న: "ఆయన చివరిగా ఎప్పుడు మామూలుగా ఉన్నారు?" నేను "రాత్రి పదింటికి" అనేశాను. అమ్మ వెంటనే, "కాదు, నాలుగింటికి లేచి నీళ్లు తాగి, ఫ్యాను తగ్గించమన్నారు" అంది. ఆ ఫ్యాను మాటే పనికొచ్చింది. ఈ ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల్లోపే ఇస్తారు. లెక్క మొదలయ్యేది మనం చూసినప్పటి నుంచి కాదు, మనిషి చివరిగా బాగున్నప్పటి నుంచి. సీటీ స్కాన్‌లో మెదడులో రక్తస్రావం లేదని తేలాక ఇచ్చేశారు.

తర్వాతి స్కాన్‌లో మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళమే మూసుకుపోయిందని కనిపించింది. అంత పెద్ద గడ్డ చాలాసార్లు మందుకు లొంగదు. అలాగని మందు మానేయరు, మందు పనిచేస్తుందేమో చూద్దామని గొట్టమూ ఆపరు. వల లాంటి స్టెంట్‌లో గడ్డను చిక్కించి లాగుతారు, లేదా పీల్చేస్తారు. 2015లో వరసగా వెలువడిన ఐదు పరిశోధనలతో ఈ పద్ధతి నిలదొక్కుకుంది. మామూలుగా 6 గంటల్లోపు చేస్తారు. కాపాడుకోగల మెదడు ఇంకా ఉందని స్కాన్‌లో తెలిస్తే, కొందరికి 24 గంటల దాకా చేస్తున్నారు. మెదడులో రక్తస్రావమయ్యే రిస్క్ ఉంది, సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణికింది.

బయటికొచ్చాక డాక్టర్ గాజుగుడ్డ మీద గడ్డ చూపించారు. ముదురెరుపు, ఎండుద్రాక్షలో సగం కూడా లేదు. దీనికా ఇంత అనిపించింది.

చెయ్యి ఆ సాయంత్రమే లేచింది. మాటకు మాత్రం ఆర్నెల్ల స్పీచ్ థెరపీ పట్టింది. ఇప్పటికీ నన్ను తమ్ముడి పేరుతోనే పిలుస్తారు.