మెమోలో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు: అఫిడవిట్ ఎక్కడ పనికొస్తుంది, ఎలా రాయాలి

అమెరికాలో గ్రీన్ కార్డు ఫైలింగ్ దగ్గరపడగానే లాయర్ ఆఫీసు నుంచి మెయిల్ వస్తుంది: బర్త్ సర్టిఫికెట్‌లో పేరూ పాస్‌పోర్టులో పేరూ కలవడం లేదు, అఫిడవిట్ కావాలి అని. మనవాళ్ళకి ఇది తప్పని తంటా. టెన్త్ మెమోలో ‘కొండవీటి వెంకట సాయి లక్ష్మి’, డిగ్రీలో ‘కె.వి. సాయి లక్ష్మి’, పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక్కి వెళ్ళి ‘సాయి లక్ష్మి కొండవీటి’, పెళ్ళయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు. నాలుగూ ఒకే మనిషివని మనకి చెప్పక్కర్లేదు. ఇక్కడి ఆఫీసరుకి మాత్రం నలుగురిలా కనిపిస్తారు.

ముందుగా ఒక మాట. అఫిడవిట్ పేరు మార్చదు, తప్పుని దిద్దదు. వేర్వేరు కాగితాల్లో ఉన్న పేర్లని ఒక మనిషికి కలిపి కడుతుంది, అంతవరకే. ఇంటిపేరు ముందూ వెనకా కావడం, పొడి అక్షరాలు, లక్ష్మి స్పెల్లింగులో ‘కె.ఎస్’ బదులు ‘ఎక్స్’ పడటం, శ్రీనివాసరావు ఒక చోట కలిపీ ఒక చోట విడగొట్టీ ఉండటం లాంటివాటికి ఇది చాలు. పుట్టిన తేదీ వేరుగా ఉన్నా, బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగా ఉన్నా అఫిడవిట్ మీద ఆధారపడకండి. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో దాన్నే సరిచేయించాలి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, వీసా మీద గివెన్ నేమ్ దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు అని) పడినవాళ్ళదీ ఇదే సంగతి. పాస్‌పోర్టులో పేరు విడగొట్టించుకుని, ఆ తర్వాత సోషల్ సెక్యూరిటీ, డ్రైవింగ్ లైసెన్సు మార్పించుకోవాలి. సోషల్ సెక్యూరిటీ ఆఫీసు అసలు పత్రాలే అడుగుతుంది, నోటరీ చేసిన జిరాక్సులు తీసుకోదు.

ఇక రాయడం. ఒక పేజీ దాటనక్కర్లేదు. పైన స్టేట్, కౌంటీ రాస్తారు. అవి మీరు ఉండే చోటివి కావు, సంతకం పెట్టే చోటివి. మొదటి పేరాలో పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, పుట్టిన తేదీ, ఊరు, ఇప్పటి చిరునామా. తర్వాత ఒక్కో పత్రానికి ఒక్కో వాక్యం: పత్రం పేరు, నంబరు, ఇచ్చిన ఆఫీసు, తేదీ, అందులో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా, చుక్కలూ ఖాళీలతో సహా. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మెమోలో ‘వెంకట’ అని ఉంటే అఫిడవిట్‌లో అలవాటుగా ‘వెంకట్’ అని కొట్టేస్తారు. దాంతో ఐదో పేరు పుట్టుకొస్తుంది.

ఆ కింద తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాలు రాయండి: తెలుగువాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తారు, దాన్ని పొడి అక్షరంగా కుదించడం ఆనవాయితీ అని. ఈ కారణం లేని అఫిడవిట్ బోసిగా ఉంటుంది. చివర్లో ఈ పేర్లన్నీ ‘వన్ అండ్ ద సేమ్ పర్సన్’ అన్న వాక్యం.

నోటరీ చేసేవాళ్ళు బ్యాంకుల్లో, యూపీఎస్ స్టోర్లలో దొరుకుతారు. చాలా బ్యాంకులు తమ ఖాతాదారులకి ఉచితంగానే చేస్తాయి. ఫీజుకి పరిమితి స్టేట్ చట్టంలోనే ఉంటుంది: కాలిఫోర్నియాలో సంతకానికి 15 డాలర్లు, న్యూయార్క్‌లో ఎదుట చేస్తే 2 డాలర్లు. ఇంటి దగ్గర సంతకం పెట్టుకుని వెళ్ళకండి, వాళ్ళ ఎదుటే పెట్టాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా వెనక్కి పంపుతారు. ‘మీకు జురాట్ కావాలా, అక్నాలెడ్జ్‌మెంటా’ అని అడిగితే జురాట్ అనండి. అక్నాలెడ్జ్‌మెంట్ అంటే సంతకం నాదే అని ఒప్పుకోవడం. జురాట్ అంటే రాసింది నిజమని ప్రమాణం చేసి, ఎదుట సంతకం పెట్టడం. అఫిడవిట్‌కి రెండోదే కావాలి. ఏది వెయ్యాలో వాళ్ళంతట వాళ్ళు తేల్చి చెప్పకూడదు, అది న్యాయ సలహా కిందికి వస్తుంది.

గుర్తింపుకి గడువు తీరని పాస్‌పోర్టు తీసుకెళ్ళండి. సంతకం కింద ఉండే పేరు ఆ గుర్తింపు కార్డులో ఉన్న పేరే కావాలి, మిగతా పేర్లు లోపలి పేరాల్లోనే ఉండాలి. లైసెన్సులో ‘ఎఫ్ఎన్‌యూ’ ఉండి, కాగితం మీద పూర్తి పేరు ఉంటే నోటరీ అక్కడే ఆగిపోతారు. కాలిఫోర్నియా నోటరీ కాగితం మీద ఒక పెట్టెలో, సంతకం చేసిన మనిషి ఎవరన్నదే చూశాం, లోపలి విషయం నిజమో కాదో చూడలేదు అని ఉంటుంది. ఇండియాలో ఎవరైనా అది చదివి కంగారుపడితే, చట్టప్రకారం ప్రతి కాగితం మీదా ఉండే వాక్యమని చెప్పండి.

యూఎస్‌సీఐఎస్ (గ్రీన్ కార్డు అర్జీలు చూసే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) లాంటి ఫెడరల్ ఆఫీసులకైతే నోటరీ లేకుండానే దారి ఉంది: 28 యూఎస్‌సీ 1746 అనే ఫెడరల్ చట్టం సెక్షన్ కింద, అబద్ధమైతే పెర్జురీ (అబద్ధపు ప్రమాణం) శిక్షకి బద్ధుణ్ణని రాసి, తేదీ వేసి సంతకం చేసిన డిక్లరేషన్. అమెరికా బయట సంతకం చేసేవాళ్ళు ‘అండర్ ద లాస్ ఆఫ్ ద యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా’ అన్న ముక్క కూడా కలపాలి. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలతో రాయించేటప్పుడు ఇది మరిచిపోతుంటారు. అయినా లాయర్లు నోటరీ ముద్రే ఇష్టపడతారు. ఖర్చు తక్కువే కాబట్టి వాదన దేనికి.

బర్త్ సర్టిఫికెట్టే దొరక్కపోతే కథ వేరు. రిజిస్ట్రార్ దగ్గర నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ (మీ పుట్టుక రికార్డు తమ దగ్గర లేదని ఇచ్చే కాగితం) తీసుకుని, మీ పుట్టుక స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు జతచేయాలి. అమ్మానాన్నలు లేకపోతే పెద్దత్తయ్యో మేనమామో. మీకన్నా చిన్నదైన పిన్ని పనికిరాదు. అప్పటికి ఊహ తెలిసినవాళ్ళే కావాలి. వాళ్ళ పుట్టిన తేదీ, ఊరు, చిరునామా, మీకేమవుతారు, విషయం ఎలా తెలుసు అన్నవన్నీ రాయాలి. నాన్నగారి పేరు ఆయన ఆధార్‌లో ఒకలా, మీ పాస్‌పోర్టులో ఇంకోలా ఉందేమో అప్పుడే చూసుకోండి, లేకపోతే ఆ అఫిడవిట్‌కి మళ్ళీ ఇంకో అఫిడవిట్.

ఇక్కడ చేయించిన కాగితం ఇండియాలో వాడాలంటే నోటరీ ముద్ర ఒక్కటే సరిపోకపోవచ్చు. అపోస్టిల్ అంటే ఒక దేశపు కాగితం ఇంకో దేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసే ధృవీకరణ; ఆ ఒప్పందం ఇండియాకి 2005 నుంచి అమల్లో ఉంది. నోటరీకి ఆ అధికారం (కమిషన్) ఇచ్చిన స్టేట్‌లోనే, చాలాచోట్ల సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో, అపోస్టిల్ వేయించాలి. టెక్సస్ నోటరీ చేసింది న్యూజెర్సీకి పంపితే తిరిగొస్తుంది. న్యూయార్క్‌లో ముందు కౌంటీ క్లర్క్ ధృవీకరణ కావాలి. ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించుకుంటే సాధారణంగా అపోస్టిల్ అడగరు. ఏది ఒప్పుకుంటారో కాగితం తీసుకునే సబ్‌రిజిస్ట్రార్‌నో బ్యాంకునో ముందే అడగండి.

రెండు మూడు అసలు ప్రతులు ఒకేసారి చేయించుకోండి, ఒకటి ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి. అఫిడవిట్‌లో రాసిన పేర్లన్నిటినీ గ్రీన్ కార్డు అర్జీ ఫారం ఐ-485లో ‘అదర్ నేమ్స్’ గడిలో అవే స్పెల్లింగులతో ఎక్కించండి. అక్కడ ఖాళీ వదిలి, ఇక్కడ నాలుగు పేర్లు చూపిస్తే మళ్ళీ ప్రశ్న వస్తుంది.