పాత పలకలు, కొత్త పలకలు: డెక్‌కి ఏ రంగు?

ప్రశ్న: తిరుపతిలో మా మిద్దె మీద టేకు పలకలతో డెక్ వేయించి చాలా ఏళ్లయింది. కొన్ని పుచ్చిపోతే ఈమధ్య మార్పించాం. ఇప్పుడు పాతవి బూడిద రంగులో, కొత్తవి పసుపుపచ్చగా అతుకులేసినట్టు కనిపిస్తున్నాయి. కార్పెంటరేమో డార్క్ వార్నిష్ కొట్టేస్తే అంతా కలిసిపోతుందంటాడు. నిజమేనా?
– ఓ పాఠకురాలు

జవాబు: వార్నిష్ మాత్రం వద్దమ్మా. మన ఎండకి అది పగిలి పొట్టు లేస్తుంది, మళ్లీ వేయాలంటే మొత్తం గీకించాలి. బయట వాడే సెమీ ట్రాన్స్‌పరెంట్ వుడ్ స్టెయిన్ తీసుకోండి, అది చెక్కలోకి ఇంకుతుంది, చెక్క సహజ గీతలూ కనిపిస్తాయి.

రంగు కన్నా ముందు చెక్క సంగతి చూడాలి. ఆ బూడిద రంగు ఎండకి పైపొర దెబ్బతినడం వల్ల వచ్చింది, దాని మీదే స్టెయిన్ వేస్తే పాత పలకలు ఎక్కువ పీల్చుకుని నల్లబడతాయి, తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకని ఆక్జాలిక్ యాసిడ్ ఉన్న వుడ్ క్లీనర్‌తో, గ్లవ్స్ వేసుకుని, కడిగించి, నీళ్లు బాగా పోయించి, రెండు మూడు రోజులు ఆరాక పాతవీ కొత్తవీ అన్నిటినీ 80 నంబరు ఉప్పు కాగితంతో రుద్దించండి. 220 నంబరు సన్న కాగితంతో అద్దంలా చేస్తే రంగు లోపలికి దిగదు. కొత్త పలకల మీద మిషన్ చిత్రిక నునుపు ఉంటుంది కాబట్టి వాటిని అసలు వదలొద్దు. తర్వాత ఒక నీటి చుక్క వేయండి, ఇంకితే సరే, గుండ్రంగా నిలబడితే ఇంకా రుద్దాలి. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, స్టెయిన్ వేసే ముందు థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిపించండి.

ఇక షేడ్. లేత తేనె రంగులు పాత మచ్చల్ని దాచవు, కొత్త టేకు కన్నా ఒకటి రెండు మెట్లు ముదురు బ్రౌన్ చూడండి. షేడ్ కార్డు చూసి డబ్బా కొనేయకండి, చిన్న డబ్బా తెచ్చి ఒక పాత పలక మూలన, ఒక కొత్త పలక మూలన వేసి, ఆరాక పగటి వెలుతురులో చూడండి. కొత్తది తేలిపోతే దానికి మాత్రం ఇంకో పల్చటి కోటు చాలు. పీల్చుకోకుండా మిగిలిన రంగుని తుడిచేయాలి, లేకుంటే జిగటగా ఉండిపోతుంది. నూనె స్టెయిన్ అంటిన గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, విప్పి బయట ఆరేయించండి.

అప్పటికీ కలవకపోతే సాలిడ్ స్టెయిన్ ఉంది కానీ గీతలు మూసుకుపోతాయి, నడిచే చోట అరుగుతుంది. నాకైతే టేకుకి అది వేయబుద్ధి కాదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, మే నెలలో కాలిపోయే చెక్క మీద రంగు ఇంకకముందే ఆరి చారలు పడతాయి, ఈ పనికి ఫిబ్రవరి ఉదయాలు బాగుంటాయి. కోసిన చివర్లకి కూడా స్టెయిన్ బాగా పట్టించమని కార్పెంటర్‌కి గట్టిగా చెప్పండి, నీళ్లు ఎక్కువగా లోపలికి దిగేది అక్కడి నుంచే.